పదిహేనో పేరు

మా బడి ఆయాకు యాభై మూడేళ్లు. పొద్దున్నే తాళాలు తీయడం, తొమ్మిది గదులూ ఊడవడం, పూటకు నాలుగుసార్లు గంట కొట్టడం ఆవిడ పని. అందుకే పిల్లలు గంటమ్మ అని పేరు పెట్టారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేదేమో కానీ, ఎవరూ ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. నేను అక్కడ లెక్కల మాస్టర్ని. ఇదంతా నా కళ్లముందే జరిగింది.

ఆ ఏడు ప్రభుత్వానికి ఉన్నట్టుండి మా పిల్లల మీద ప్రేమ పొంగింది. ఇంట్లో ఇంగ్లీషు వినని పిల్లలకు బడి వదిలాక గంటసేపు ప్రత్యేక తరగతి, దానికో టీచరు, పుస్తకాలు, గోడకు రంగుల పటాలు, అన్నీ ఇస్తానంది. ఆ సంగతి చెబుతూ తల్లిదండ్రులకు పంపిన కరపత్రం మాత్రం నిలువునా ఇంగ్లీషులో ఉంది. ఎవరి కోసం వేశారో వాళ్లు తప్ప ఊళ్లో అందరూ చదువుకున్నారు.

తరగతి పెట్టాలంటే పదిహేను పేర్లు ఉండాలి. మాకు పద్నాలుగే తేలాయి. హెడ్మాస్టరు గారు నిబంధనల పుస్తకం ముందేసుకుని మధ్యాహ్నం దాకా కిందా మీదా పడ్డారు. చివరికి, విద్యార్థి వయసు ఎంతకు మించకూడదో రాయడం పైవాళ్లు మర్చిపోయారని కనిపెట్టారు. వెంటనే ఆయాకు కబురెళ్లింది.

"గంటమ్మా, నువ్వెంతదాకా చదివావు?"

"నాలుగో క్లాసు, సార్."

"భేష్. అయితే ఐదు నుంచి మొదలుపెట్టు. సాయంత్రం నాలుగింటికి వెళ్లి ఆ వెనక బెంచీలో కూర్చో. ఏమీ చేయక్కర్లేదు, కనిపిస్తే చాలు."

ఇంట్లో ఆవిడ భర్త టైలరు. సంగతి విని కుట్టుమిషను ఆపి మరీ నవ్వాడట. "ఇంగ్లీషులో ఊడిస్తే దుమ్ము తొందరగా పోతుందా ఏంటి?"

"నీ నోరు కూడా కుట్టగలిగితే బాగుండును," అని ఆవిడ పలక కోసం అటక వెతికింది.

కొత్తగా వచ్చిన టీచరమ్మ చిన్నపిల్ల, ఇరవై ఐదేళ్లుంటాయేమో. ప్రభుత్వం ఇచ్చిన పుస్తకంలో మొదటి పాఠం ఒక గుర్రం గురించి. ఆ గుర్రం వారం రోజులు బోర్డు మీద నడిచింది. ఎనిమిదో రోజున వెనక బెంచీ లేచి నిలబడింది.

"గుర్రంతో నాకేం పని తల్లీ? ఆడపిల్లల బాత్రూంలో కుళాయి మూడు నెలల నుంచి కారుతోంది. అది బాగు చేయమని ఎలా అడగాలో చెప్పు."

టీచరమ్మ ముందు బిత్తరపోయింది, తర్వాత నవ్వేసింది. ఆ సాయంత్రం పదిహేను మందీ కలిసి కుళాయి మీద ఏడు వాక్యాలు రాశారు. గంటమ్మ వాటిని తెల్లకాగితం మీద దిద్దిదిద్ది ఎక్కించి, విద్యాశాఖకు పోస్టు చేసింది. మన భాషలో మూడు అర్జీలు పెట్టినా తొంగిచూడని కుళాయిల మనిషి, నాలుగో రోజుకల్లా పానాలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

అది చూశాక పిల్లలకు పట్టరాని హుషారొచ్చింది. ఒకడు నాన్న ఆసుపత్రి చీటీ తెచ్చాడు. ఒకమ్మాయి వాళ్లమ్మ పనిచేసే ఫ్యాక్టరీ నోటీసు చింపుకొచ్చింది. గుర్రం పుస్తకంలోనే ఉండిపోయింది.

ఏడాది చివర పరీక్ష పెట్టారు. అరవై మార్కులు దాటినవాళ్లకు ఇక సాయం అక్కర్లేదట, జాబితాలోంచి తీసేస్తారు. హెడ్మాస్టరు గారు గంటమ్మను పిలిపించారు.

"చూడమ్మా, యాభై తొమ్మిది దాటకు. నువ్వు దాటితే పేర్లు పద్నాలుగవుతాయి, తరగతి ఎత్తేస్తారు. పిల్లలకూ ఇదే చెప్పాను."

"నేర్చుకోమని కూర్చోబెట్టారు. ఇప్పుడు నేర్చుకోలేదని రాయాలా సార్?"

"అలాగని మరీ రానట్టు రాయకు, నన్నడుగుతారు. కొంచెం వచ్చి, కొంచెం రానట్టు..."

గంటమ్మ తిన్నగా టీచరమ్మ దగ్గరకు వెళ్లింది. "నేను పాసైతే నీ ఉద్యోగం పోతుందా తల్లీ?"

"ఇక్కడ పోతుంది. ఇంకో బడికి వేస్తారు." టీచరమ్మ డస్టరు దులిపి బల్ల మీద పెట్టింది. "మీకొచ్చింది రాయండి. నా ఉద్యోగం బరువు మీ కాగితం మీద పెట్టకండి."

గంటమ్మకు ఎనభై ఒకటి వచ్చాయి. పిల్లలు పెద్దల మాట ఎప్పుడు విన్నారు గనక, వాళ్లలోనూ తొమ్మిది మంది దాటేశారు. లక్ష్యం నెరవేరింది కాబట్టి తరగతి రద్దు చేస్తున్నామని ఉత్తర్వు వచ్చింది. మిగిలిన అయిదుగురి ఊసు అందులో లేదు. సాధించిన ఫలితాలకు హెడ్మాస్టరు గారికి ప్రశంసాపత్రం వచ్చింది. టీచరమ్మను పొరుగు బడికి వేశారు. అక్కడ ఒక్కరూ పాసవలేదు కాబట్టి తరగతి నిక్షేపంగా నడుస్తోంది.

గంటమ్మకు సర్టిఫికెట్ వచ్చింది. అందులో ఆవిడ వయసు పదమూడు. పెద్దయ్యాక మంచి పౌరురాలివి కావాలని దీవించారు కూడా.

ఆవిడ ఊరుకోలేదు. ఆ అయిదుగురి సంగతేమిటని ఇంగ్లీషులోనే ఉత్తరం రాసింది. రెండు నెలలకు జవాబొచ్చింది, మీ విన్నపం పరిశీలనలో ఉందని. అందులో రెండు అక్షరదోషాలున్నాయి. ఆవిడ నా దగ్గర ఎర్రపెన్ను అడిగి తీసుకుని, వాటి కింద గీతలు పెట్టి, అదే కవరులో తిప్పి పంపింది. తర్వాత చీపురు తీసుకుని నిదానంగా వరండా ఊడుస్తూ పోయింది.

ఆ కాగితం విద్యాశాఖ మెట్లెక్కి ఎక్కడెక్కడ తిరిగిందో తెలియదు. ఆ అయిదుగురు పిల్లలకీ ఏమీ ఒరగలేదు. కానీ తన కాగితాల్లోనూ తప్పులు పట్టుకుంటారేమోనని మా హెడ్మాస్టరు గారికి మాత్రం గుబులు పట్టుకుంది. పైఅధికారి తనిఖీకి వస్తున్న వారం, ఆయన గంటమ్మను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. నేను హాజరు పుస్తకం కోసం లోపలే ఉన్నాను. నన్ను పొమ్మనడానికి మొహమాటపడ్డారు.

"ఇది కాస్త చూసిపెట్టమ్మా. వచ్చే ఏటి ప్రణాళిక, ఇంగ్లీషులో రాశాను. తప్పులుంటే... ఎవరితోనూ అనకు."

"నిలబడి చదివితే కళ్లు తిరుగుతాయి సార్. కుర్చీ వేయించండి."

ఆయనే వేశారు. గంటమ్మ కూర్చుని, కొంగుతో అద్దాలు తుడుచుకుని, మూడు పేజీలూ వేలు పెట్టి చదివింది. ఆయన గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డారు.

"అక్షరాలన్నీ బాగానే ఉన్నాయి సార్," అంది చివరికి. "ఎవరు చేస్తారో ఉంది, ఎప్పటికల్లా చేస్తారో ఉంది. ఏం చేస్తారో ఎక్కడా లేదు."