ఈశ్వరి చేసిన తవ్వ

ఆమదాలవలసలో రైలు దిగినవాళ్ళు ఆమదాలవలసను చూడరు. స్టేషను పేరే శ్రీకాకుళం రోడ్డు. దిగీ దిగగానే ఆటో ఎక్కి శ్రీకాకుళం వెళ్ళిపోతారు. నాకేమో జనం ఆగకుండా దాటిపోయే ఊళ్ళంటేనే ఇష్టం. ధాన్యం కొట్ల మధ్య, బస్తాల దుమ్ములో, పనీపాటా లేకుండా తిరగడానికి అంతకంటే మంచి చోటు నేను చూడలేదు. అలా తిరుగుతూనే ఒక రైసు మిల్లు వెనక రేకుల షెడ్డులోకి తొంగి చూశాను. లోపలున్నావిడ నన్ను ఎవరని అడగలేదు, కూర్చోమననూ లేదు. ఇంకా వేడి తగ్గని ప్లాస్టిక్ పాత్ర ఒకటి నా చేతిలో పెట్టి, "దీని అడుగు సూడండి మాస్టారూ. ఏటి కనబడతాది?" అంది.

అడుగున తెల్లటి మచ్చలు కనబడుతున్నాయని చెప్పాను. ఎవరో వేలితో గుచ్చితే కమిలిపోయినట్టు ఉన్నాయి.

"కొత్తోళ్ళకి కూడా కనబడిపోతన్నాది అన్నా," అంది ఆవిడ, వెనకనున్న మనిషితో.

ఆవిడే ఈశ్వరి. వెనకనున్నాయన ఆ షెడ్డు యజమాని తిరుమలరావు. నా చేతిలో ఉన్నది తవ్వ. కిలోలు వచ్చి ఎంత కాలమైనా ఈ వైపు సంతల్లో చోళ్ళూ, గంట్లూ వంటి గింజలూ, అటుకులూ తవ్వతో కొలిస్తేనే కొన్నట్టు ఉంటుంది జనానికి. సంతల్లో అమ్ముకునే ఆడవాళ్ళ సంఘం ఒకటి, అందరి తవ్వా ఒకే కొలతలో ఉండాలని, ప్లాస్టిక్‌వి కావాలని అడిగింది. ఆ తవ్వ అచ్చును కాగితం మీద గీతల దగ్గర్నుంచి ఉక్కు దాకా ఈశ్వరి తయారు చేసింది. అన్నాళ్ళూ ఆవిడ పని వేరు. రాజ్‌కోట్ నుంచీ చెన్నై నుంచీ వచ్చిన అచ్చులు అరిగితే బాగుచెయ్యడం. సొంతంగా గీసింది ఇదే మొదటిది. శుక్రవారం సంఘం వాళ్ళు వచ్చి, యంత్రం మీద తవ్వలు రాలడం కళ్ళారా చూస్తారు. రాలకపోతే పని చెన్నైకి పోతుంది, ఈశ్వరి మళ్ళీ పరాయివాళ్ళ అచ్చుల అరుగుదల దగ్గరికి పోతుంది. తిరుమలరావు ఈ మాట దాచలేదు. మంచివాడు కాబట్టే ముందే చెప్పాడు.

మర్నాడు విజయనగరం వెళ్ళాల్సినవాణ్ణి. వెళ్ళలేదు. స్టేషను ఎదురుగా లాడ్జిలో గది తీసుకున్నాను.

ఈశ్వరిది బుడితి. ఇత్తడీ కంచూ పోసే ఊరు. ఆ ఊరి చెంబుల్ని నేను ఎక్కడెక్కడి ఇళ్ళలోనో చూశాను, ఒకసారి పడవలో కూడా. పోతపోసేవాళ్ళు వేరు, చివర మెరుగు పెట్టేవాళ్ళు వేరు. ఈశ్వరి తండ్రి అసిరయ్యది ఆ చివరి చెయ్యి. చిన్నప్పుడు ఈవిడ పాత్రను తిప్పే తరిమెన తాడు లాగుతుంటే, ఆయన తిరిగే పాత్ర మీద చెయ్యి ఆనించి, ముఖం కనబడేదాకా తీసేవాడు కాదట. ఇత్తడి తవ్వలు కొనేవాళ్ళు తగ్గిపోయాక కూతుర్ని హైదరాబాదు పంపి అచ్చుల పని చదివించాడు. స్టీలూ ప్లాస్టిక్కూ మన అన్నం లాక్కుంటే మనం ప్లాస్టిక్ దగ్గరికే పోదాం అన్నాడట. ఈ మాట చెప్తున్నప్పుడు ఈశ్వరి గొంతులో బాధేమీ లేదు, తండ్రి తెలివికి గర్వమే ఉంది.

ఇప్పుడు అచ్చు సంగతి చెప్పాలి, లేకపోతే తక్కినది అర్థం కాదు. అచ్చుకు రెండు ముక్కలు. ఒకటి గుల్లగా ఉంటుంది, తవ్వ బయటివైపు అందులో తయారవుతుంది. రెండోది ఆ గుల్లలోకి దూరే ఉక్కు దిమ్మ. వీళ్ళు దాన్ని కోర్ అంటారు. తవ్వ లోపలివైపు దాని చుట్టూ ఏర్పడుతుంది. రెంటికీ మధ్యనున్న సన్నని సందులోకి యంత్రం కరిగిన ప్లాస్టిక్‌ను కుక్కుతుంది. చల్లారాక అచ్చు తెరుచుకుంటుంది. తవ్వ కోర్‌కు తొడిగిన టోపీలా ఉండిపోతుంది. కోర్ లోపలినుంచి సన్నని పిన్నులు వచ్చి దాన్ని తోసేస్తే కింద తొట్టిలో పడాలి. ఈ తవ్వ పడదు. పిన్నులు తోస్తే అడుగు కమిలిపోతుంది, ఇంకా తోస్తే చిరిగిపోతుంది, అంతేగానీ గోడలు కోర్‌ను వదలవు.

ఈశ్వరి పిన్నుల తలలు లావు చేసింది. చల్లారే సమయం పెంచింది. నూనె చల్లితే రెండు మూడు ఊడిపడ్డాయి గానీ, తిండిగింజలు కొలిచే పాత్రకు నూనె వాసన పట్టింది. యంత్రం నడిపే లక్ష్మణమ్మ ముక్కు మూసుకుని వాటిని పక్కన పడేసింది.

రెండో రోజు మధ్యాహ్నం నా కళ్ళముందే జరిగింది అసలు ముచ్చట. తవ్వ అంటుకుపోయింది. ఈశ్వరి చేత్తో లాగింది, తిరుమలరావు లాగాడు, ఇద్దరూ కలిసి లాగారు. విసుగొచ్చి, దాన్ని ఎలాగూ పారెయ్యాల్సిందే కదా అని, ఈశ్వరి మొనదేలిన ఉక్కు పుల్లతో అడుగున ఒక్క పోటు పొడిచింది. సుయ్‌మని చప్పుడైంది. తవ్వ బుద్ధిగా ఆవిడ చేతిలోకి వచ్చేసింది. ఆవిడ చేతిలోని తవ్వను చూసింది, నన్ను చూసింది, మళ్ళీ తవ్వను చూసింది.

"అంటుకోనేదు మాస్టారూ. లోపల గాలి నేక, బయటి గాలి నొక్కేస్తన్నాది."

నాకు ఒళ్ళు పులకరించింది. జర్మనీ దేశంలో పూర్వం ఒకాయన రెండు అర్ధగోళాలు కలిపి, లోపలి గాలి తీసేసి, రెండు వైపులా గుర్రాల జట్లు కట్టి లాగించాడు. గుర్రాల వల్ల కాలేదు. కాస్త గాలి వదిలితే వాటంతట అవే విడిపోయాయి. కుర్రతనంలో చదివిన ఆ సంగతి ఆమదాలవలస రేకుల షెడ్డులో సుయ్‌మని వినబడుతుందని ఎవరనుకుంటారు? రామతీర్థం కొండ మీద బౌద్ధుల ఇటుకల మధ్య కూర్చున్నప్పుడు కూడా నాకు ఇదే ఆలోచన వస్తుంది, ఎక్కడో ఎవరో కనిపెట్టిన సంగతి ఎన్ని ఊళ్ళు తిరిగి ఏ కొండెక్కుతుందో అని. సరే, దారి తప్పాను.

సాయంత్రానికల్లా ఈశ్వరి ఒక కొత్త భాగం గీసేసింది. కోర్ నెత్తిన, మధ్యలో, పుట్టగొడుగు ఆకారంలో చిన్న పిన్ను. తల నా బొటనవేలి గోరంత ఉంటుంది. ప్లాస్టిక్ నిండేటప్పుడు కోర్‌తో సమంగా అణిగి ఉంటుంది, సందు లేకుండా. అచ్చు తెరుచుకోగానే వెనకనుంచి గాలి ఊదితే వెంట్రుకవాసి పైకి లేస్తుంది. ఆ సందులోంచి తవ్వ కిందికి గాలి పోతుంది. మర్నాడు దాన్ని లేతు మీద తిప్పి, కూర్చి, యంత్రం ఎక్కించారు. నేను టిఫిన్ కూడా మానేసి నిలబడ్డాను.

అచ్చు తెరుచుకుంది. గాలి ఊదింది. తవ్వ అడుగు మెల్లగా పొంగడం మొదలుపెట్టింది. గుండ్రంగా, నిగనిగలాడుతూ పొంగింది. గోడలు మాత్రం కదలలేదు.

"పూరీ అయిపోనాది. కూర ఏదీ?" అంది లక్ష్మణమ్మ.

తిరుమలరావు కూడా నవ్వాడు. ఈశ్వరి నవ్వలేదు. పూరీ అడుగును వేలితో నొక్కుతూ, వేలిని అంచు దాకా తీసుకెళ్ళి అక్కడ ఆపింది. గాలి అడుగు కిందికి చేరింది, అక్కడినుంచి గోడల వెంట కిందికి జారడానికి దారి లేదు. కోర్ అద్దంలా ఉంది. వేడి ప్లాస్టిక్ అద్దానికి వెంట్రుక సందు లేకుండా అతుక్కుంది. అద్దం మీద నిలువుగా సన్నని గీతలు పడితే గాలికి దారి దొరుకుతుంది. అంటే ఆ మెరుగును మాపెయ్యాలి.

ఆ మెరుగు అసిరయ్యది. ఇత్తడి తవ్వ లోపల గింజ నిలవకూడదని బుడితిలో లోపలివైపే ఎక్కువ మెరిపిస్తారు. కూతురు మొదటిసారి సొంతంగా తవ్వ చేస్తోందంటే, లోపలివైపు తయారయ్యే ముక్క ఏదో అడిగి తెలుసుకుని, పొరలు కమ్మిన కళ్ళతో, బొటనవేలి స్పర్శతోనే దాన్ని అద్దం చేశాడు. ఇదే నా చివరి పని అని ఊరంతా చెప్పుకున్నాడు కూడా.

గరుకు కాగితంతో రుద్దేస్తే గడియలో అయిపోతుంది, ముసలాయనకు ఎవరు చెప్తారు అన్నాడు తిరుమలరావు. ఈశ్వరి ఒప్పుకోలేదు. ఆయన వేలు పెడితే తెలిసిపోతుందంది. ఫోను చేసి రమ్మంది గానీ ఎందుకో చెప్పలేదు.

గురువారం పొద్దున్నే ఉతికిన పంచెతో దిగాడు అసిరయ్య. తన మెరుపు యంత్రం మీద చూడడానికి పిలిచారనుకున్నాడు. కోర్ దగ్గరికి పోయి, బొటనవేలితో పైనుంచి కిందికి రాసి, తృప్తిగా తల ఊపాడు. అప్పుడు చెప్పింది ఈశ్వరి.

"సెడగొడతావేటే? గీత పడితే గింజ నిలస్తాది. బుడితి తవ్వలో గింజ నిలిసినాదంటే ఎంత నామర్దా."

ఈశ్వరి వాదించలేదు. లక్ష్మణమ్మ మిల్లు పట్టించడానికి తెచ్చుకున్న సంచిలోంచి పిడికెడు చోళ్ళు తీసింది. అన్నం డబ్బా ఒకటి తెచ్చింది, లోపలంతా గరుకుగా, మసకగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా. చోళ్ళు పోసి, తండ్రి అరచేతిలోకి ఒంపి, డబ్బా ఆయనకిచ్చింది. ఆయన వేలు పెట్టి లోపలంతా తడిమాడు. ఒక్క గింజ లేదు.

డబ్బా బోర్లించి అడుగున తట్టి, మళ్ళీ వేలు పెట్టి చూశాడు. తిరుమలరావు ఏదో అనబోతే ఈశ్వరి కళ్ళతోనే ఆపింది.

"గింజ సంగతి కాదులే ఈసరీ," అన్నాడు చివరికి. "మెరిపించడం మా అయ్య నేర్పినాడు. మాపడం ఎవులూ నేర్పనేదు."

"నాను నేర్పుతాను. రా అయ్యా."

ఆయన లేచాడు.

నేను చాలా దేశం తిరిగాను గానీ, ఆ తరవాత చూసినటువంటి చదువు ఏ బడిలోనూ చూడలేదు. చెక్క పుల్లకు గరుకు కాగితం చుట్టి తండ్రి చేతికిచ్చింది. ఆయన కోర్ మీద ఆనించగానే చెయ్యి గుండ్రంగా తిరిగింది. పుట్టినప్పటినుంచీ తిరిగే తరిమెన మీద పనిచేసిన చెయ్యి మరి! ఈశ్వరి ఆపింది. అడ్డగీతలు పడితే ప్లాస్టిక్ వాటిలోకి దిగి ఇంకా గట్టిగా పట్టేస్తుంది. తవ్వ ఏ దారిన బయటికి వస్తుందో ఆ దారినే రుద్దాలి, పైకీ కిందికీ. ఆయన సరేనన్నాడు. రెండుసార్లు పైకీ కిందికీ పోయింది చెయ్యి, మూడోసారి మళ్ళీ తిరిగింది. ఈశ్వరి ఆయన మణికట్టు పట్టుకుంది.

"వొదులే. మొగుడికి సెప్పినట్టు సెప్తన్నావు."

"మొగుడైతే ఎప్పుడో నేర్సుకునేవోడు."

లక్ష్మణమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అసిరయ్యకూ నవ్వు ఆగలేదు. ఆ నవ్వులోనే చెయ్యికి దారి దొరికింది. కాసేపటికి ఈశ్వరి మణికట్టు వదిలేసినా చెయ్యి నిలువుగానే నడిచింది. అద్దంలో ఆయన ముఖం మెల్లగా మసకబారింది. పట్టుపంచె మీద జరీ చారల్లాగా సన్నని గీతలు కోర్ పొడవునా దిగాయి. ఆయన కళ్ళు మూసుకుని వేలితో వాటిని తడిమి, ఒకచోట గీత వంకరైందని తనే మళ్ళీ సరిచేశాడు. చెడగొట్టడంలో కూడా ఆ మనిషి పనితనం ఊరుకోలేదు!

కోర్ తుడిచి, అచ్చు ఎక్కించి, వేడెక్కనిచ్చారు. లక్ష్మణమ్మ యంత్రం తలుపు మూసి మీట నొక్కింది. ప్లాస్టిక్ లోపలికి పోయిన చప్పుడు, చల్లారే నిశ్శబ్దం. అచ్చు తెరుచుకుంది. పుట్టగొడుగు పిన్ను టిక్కుమంది, గాలి బుస్సుమంది, తవ్వ ఉలిక్కిపడ్డట్టు కదిలి, కోర్‌ను వదిలి, తొట్టిలో టపుక్కున పడింది. లక్ష్మణమ్మ మళ్ళీ మీట నొక్కింది. టిక్కు, బుస్సు, టపుక్కు. మళ్ళీ. మళ్ళీ. నేను తొట్టి మీదికి వంగిపోయి ఒక్కొక్కటే తీసి అడుగు చూస్తున్నాను, ఎక్కడైనా కమిలిందేమోనని. ఒక్క మచ్చ లేదు. తిరుమలరావు షెడ్డు బయటికి పోయి, రోడ్డు మీద పోతున్న ధాన్యం లారీ డ్రైవర్ని ఆపి మరీ లోపలికి తీసుకొచ్చాడు చూడమని. ఈశ్వరి తడి కళ్ళతో యంత్రం వంకే చూస్తూ, గాలి ఇంకాస్త తగ్గించినా వస్తుందని గొణుగుతోంది. అసిరయ్య వేడి తవ్వను అరచేతుల్లో మార్చుకుంటూ, "ఆపకమ్మా, కొట్టు. ఇంకోటి కొట్టు," అంటున్నాడు లక్ష్మణమ్మతో. బుడితి పోయే బస్సు హారను కొట్టుకుంటూ రోడ్డు మీద వెళ్ళిపోయింది. ఆయన వినలేదు.

శుక్రవారం సంఘం పెద్ద కుసుమకుమారి ఎస్.కోట సంత నుంచి తన పాత తవ్వ సంచిలో వేసుకుని వచ్చింది. దాంట్లో బియ్యం కొలిచి దీంట్లో పోసింది, దీంట్లోంచి దాంట్లో పోసింది. తవ్వలు యంత్రం మీదనుంచి రాలుతూ ఉంటే కాసేపు చూసి, చూడడం ఆపి, తవ్వకంటే పెద్ద కొలత కుంచం కూడా చేస్తారా అని అడిగింది. తిరుమలరావు ఈశ్వరి వైపు తిరిగాడు. చేస్తాను అంది ఈశ్వరి, ఆయన నోరు తెరవక ముందే.

నేను విజయనగరం వెళ్ళి, కొన్ని వారాలకు మళ్ళీ ఆ స్టేషన్లోనే దిగాను. షెడ్డులో బల్ల మీద కుంచం అచ్చు రెండు ముక్కలూ ఉన్నాయి, పెద్దవి. వాటి ముందు ముక్కాలిపీట వేసుకుని అసిరయ్య కూర్చుని ఉన్నాడు. చివరి పని చేసేసిన మనిషి! నన్ను గుర్తుపట్టాడు గానీ పలకరించలేదు, పని తొందర. గుల్లగా ఉన్న ముక్కను చూపించి కూతుర్ని అడుగుతున్నాడు:

"ఇది బయటేపు కదా. దీన్ని మెరిపిస్తే నీకేటీ అడ్డం నేదు కదా?"

"నేదయ్యా. దాన్ని నీ ఇట్టమొచ్చినట్టు మెరిపించు."

ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు.