మూత మీద పంటిగాట్లు

పదో తరగతి పిల్లల పొగరు గురించి తెలుసుకోవాలంటే బాలాత్రిపురసుందరి టీచరుగారినే అడగాలి. పెద్దాపురం దగ్గరి హైస్కూల్లో ముప్పయ్యేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నారావిడ. పదిహేనేళ్లు వచ్చాయంటే చాలు, దేనికీ ఆశ్చర్యపోకూడదని ఒట్టు పెట్టుకుంటారు వెధవలు! చెమటోడ్చి బోర్డు మీద గుండె బొమ్మ వేస్తే "ఓకే అండి" అంటారు. గోడకుర్చీ వేయిస్తే "థాంక్సండి" అంటారు. అయినా సరే, వాళ్లలో ఒక్కడు బడికి రాకపోతే ఆవిడకు ఆ పూట అన్నం సహించదు.

పరీక్షల ముందు క్లాసు పెన్నులన్నీ పోగుచేసి, అన్నవరం తీసుకెళ్లి, సత్యనారాయణస్వామి పాదాల దగ్గర పెట్టించి తేవడం ఆవిడ ఏటా చేసే పని. వచ్చే నెలాఖరుకు రిటైర్మెంటు. అంటే ఇదే ఆఖరి బ్యాచ్.

"స్వామివారికి బయాలజీ వచ్చాండీ?" అన్నాడు సూర్యతేజ, పెన్నుమూత నములుతూ. క్లాసంతా గొల్లుమంది.

"నీకంటే బాగానే వచ్చు. ముందా ఎంగిలి కడిగి ఇవ్వరా, స్వామి దగ్గరికెళ్లే పెన్ను!"

రెబెక్కా తన పెన్ను మీద చిన్న శిలువ గీసుకుంది. "నాదీ పట్టుకెళ్లండి. మా చర్చిలో ప్రార్థన అయిపోయిందండి. మీ స్వామి కూడా ఓసారి చూస్తే ఇంక బెంగుండదండి" అంది.

టీచరుగారు నవ్వేశారు గానీ మనసులో కాస్త చివుక్కుమంది. వీళ్లకు నేనొట్టి చాదస్తం మనిషిని కాబోలు అనుకున్నారు.

ఆదివారం మోకాళ్లు పట్టేస్తున్నా మెట్లెక్కే వెళ్లారు. పూజ బాగా జరిగింది. తిరుగు బస్సులో, ప్రసాదం కాళ్ల దగ్గర పెట్టకూడదని ఆ సంచి ఒళ్లో పెట్టుకుని, పెన్నుల సంచి పక్క సీట్లో పెట్టారు. పెద్దాపురంలో ప్రసాదాన్ని గుండెలకు హత్తుకుని భద్రంగా దిగారు. బస్సు మలుపు తిరిగాక గానీ చేతిలో ఉన్నది ఒక్క సంచేనని తెలియలేదు.

ఆటో ఎక్కి వెంటపడ్డారు, అడగాల్సిన వాళ్లందరినీ అడిగారు. దొరకలేదు. తెల్లారితే పరీక్ష. పూజ చేసిన పెన్ను పోయిందంటే, పైకి వేళాకోళాలాడే ఈ పిల్లలు లోపల ఎంత హడలిపోతారో ఆవిడకు తెలుసు. పిల్లలందరూ కొనేది బడి పక్క కొట్లో దొరికే నీలం పెన్నులే కాబట్టి, అక్కడే నలభై రెండు కొని పేర్ల చీటీలు అంటించారు. ముప్పయ్యేళ్లలో పిల్లలతో ఏనాడూ అబద్ధమాడలేదు. చివరికి, వెళ్లిపోయే ముందు ఇదా నేను చేసే పని అని ఒకటే బాధ.

పొద్దున్నే పరీక్ష కేంద్రం గేటు దగ్గర ఒక్కొక్కరికీ ప్రసాదం, పెన్ను ఇవ్వసాగారు. సూర్యతేజ తన పెన్ను అందుకుని మూత వైపు చూశాడు. నున్నగా మెరుస్తోంది. వాడి పంటిగాట్ల సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకు. ఓరి భగవంతుడా! వాడు తలెత్తి నేరుగా ఆవిడ ముఖంలోకి చూశాడు.

"ఒరే తేజా, ఆ పెన్ను..." అని నోరు తెరిచారు.

వాడు మూత నోట్లో పెట్టుకుని కసుక్కున కొరికాడు. అటు చూస్తే, రెబెక్కా గోడవైపు తిరిగి, జామెట్రీ బాక్సులోంచి వృత్తలేఖిని తీసి దాని ముల్లుతో కొత్త పెన్ను మీద గబగబా శిలువ గీస్తోంది.

"నా పెన్నేనండి" అన్నాడు సూర్యతేజ, మూత చూపిస్తూ. "ఇదిగోండి, గాట్లు. తొందరగా దీవించండి, బెల్లు కొట్టేస్తారు."

ఏనాడూ నమస్కారమైనా సరిగ్గా పెట్టనివాడు వంగి కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఆవిడకు ఏడుపు ఆగలేదు. వాడి తల మీద చెయ్యి పెట్టి, "ఎంగిలి వెధవా, ఆ మూత మింగెయ్యకు. వెళ్లి బాగా రాయి నాన్నా" అన్నారు.