చీకటిలోనే ముగిసిన కీర్తన

మా ఆయన చనిపోయిన ఏడాదే, టీచరుగా ఉన్న నన్ను జనగామ నుంచి మహదేవపూర్ బడికి బదిలీ చేశారు. ఆ కొత్త సంవత్సరం ఆరాధనలో మా ఇంటికి వచ్చిన వాగ్దానం కార్డు, ఆ ఏడాదికని చర్చిలో ఇచ్చే బైబిలు వచనం, దీర్ఘాయుష్షు గురించి. వేసవి దాటకముందే ఆయన గుండె ఆగింది. సంఘంలో వాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో వచనం చెప్పి ఓదార్చి వెళ్లారు. ఆ తర్వాత నాకు బైబిలు తెరవబుద్ధి కాలేదు. నిజానికి అంతకుముందు కూడా కార్డుల మీది ముక్కలు తప్ప నేను చదివింది తక్కువే.

మహదేవపూర్‌లో తెలిసినవాళ్లెవరూ లేరు. ఒక్కదానికే వండుకోవడం చేతకాక, రోజూ అన్నం మిగిలిపోయేది. పక్క గదిలో అద్దెకుండే అవ్వ ఒక సాయంత్రం తన బైబిలు పట్టుకొచ్చింది. కళ్లలో శుక్లాలట, అక్షరాలు ఆనడం లేదట. కీర్తనలు చదివి పెట్టమంది. కాదనలేక, నాకు తెలిసిన వచనాలు వెతికి చదవబోయాను.

"గట్ల ఏరకు బిడ్డా. మొదటికెల్లి సదువు," అంది.

అలా రోజూ సాయంత్రం చదివాం. ఒకరోజు వచ్చిన కీర్తన మొరతో మొదలైంది. ఎక్కడో ఓదార్పు ఉంటుందని చూస్తూ చదివాను. లేదు. చీకటి మాటతోనే ముగిసింది. ఇంకా ఉందేమోనని పేజీ తిప్పాను.

"ఇది గూడ దేవుని వాక్యమేనా అవ్వా?"

"అండ్లనే ఉన్నది గదా," అంది అవ్వ. "నా కొడుకు పోయినప్పుడు గిదే సదివిన. ఏడ్సుకుంట గూడ దేవునితోని మాట్లాడొచ్చని అప్పుడు తెలిసింది."

స్తుతించడానికి నోరు రాక నేను నెలల తరబడి ప్రార్థనే మానేశాను. ఆ కీర్తన రాసినవారెవరో నాకంటే గట్టిగా దేవుణ్ణి నిలదీస్తే, దాన్ని బైబిల్లోంచి ఎవరూ కొట్టివేయలేదు. అవ్వ వెళ్లాక మోకరించి, మా ఆయన్ని ఎందుకు తీసుకుపోయావని దేవుణ్ణి అడిగాను. జవాబు రాలేదు. కానీ అడిగినంతసేపూ ఎవరో వింటున్నట్టే అనిపించింది.

వానలు తగ్గాక అవ్వ కూతురు వచ్చి ఆమెను కొత్తగూడ తీసుకెళ్లింది. పక్క గదికి తాళం పడింది. సాయంత్రాలు మళ్లీ నేనొక్కదాన్నే. చదవడం మాత్రం ఆపలేదు. కీర్తనలయ్యాక ప్రవక్తల దగ్గరికి వచ్చాను. అర్థం కాని చోట వెనక్కి వెళ్లి మళ్లీ చదువుతాను. సెలవులకు జనగామ వెళ్లినప్పుడు పాస్టరుగారిని అడుగుతాను. కొన్నింటికి ఆయన కూడా తెలియదనే అంటారు.

మొన్న అవ్వ ఫోన్ చేసింది. "యాడిదాంక వచ్చినవ్ బిడ్డా?" అని అడిగింది. చెప్పాను. అక్కడినుంచే ఫోన్‌లో కాసేపు చదవమంది. చదివాను.