వానపాములకు మా అమ్మ ఆవపిండి

ఆ రోజుల్లో ఎవరైనా స్టూడెంట్ జాబ్ ఇస్తామంటే చాలు, అది ఏ పనైనా సరే మాకు కొట్టిన పిండే అని చెప్పేసేవాళ్లం. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చేదో ఇప్పుడు తలుచుకుంటే నాకే అర్థం కాదు. జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ కొండల పక్కన ఒక ఊళ్లో పర్యావరణం మీద మాస్టర్స్ చేస్తున్నాను. మట్టి మీద పరిశోధన చేసే ప్రొఫెసరమ్మ "వానపాములంటే భయమా?" అని అడిగితే, "అయ్యో, మాది వ్యవసాయ కుటుంబమండీ" అన్నాను. (మా నాన్నకు తెనాలిలో జిరాక్స్ షాపు. మా ఇంట్లో మట్టి అనేది ఉంటే తులసికుండీలోనే. నాకు బల్లంటే భయం, బొద్దింకంటే భయం, వానపాముతో అప్పటికింకా పరిచయం కాలేదు.) ఆవిడ అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చేశారు.

చేరాక తెలిసింది, ఇది మామూలు వానపాము కాదని. సాగితే రెండడుగుల దాకా ఉంటుంది. నేలలో నిలువెత్తు లోతుకు దిగిపోయి కాపురం చేస్తుంది. ప్రపంచం మొత్తం మీద జర్మనీలోనే, అందులోనూ ఈ కొండల దక్షిణపు కొసలోనే ఉంటుంది. ప్రొఫెసరమ్మకు అదంటే ప్రాణం. "పులి మీ దేశంలో లేకపోతే పక్క దేశంలో ఉంటుంది. ఇది ఇక్కడ పోయిందంటే భూమ్మీదే పోయినట్టు" అనేవారు, ఏదో సొంత మేనకోడలి గురించి చెబుతున్నట్టు. అలాంటావిడకు ఒక రోజు ఉత్తరం వచ్చింది. ఆవిడ ఏళ్ల తరబడి చూసుకుంటున్న కొండవాలును చదును చేసి కార్ల పార్కింగు కడతారట. అక్కడ ఆ వానపాము ఉన్నట్టు కళ్లారా చూపిస్తే ఆపుతారట. చూడ్డానికి ఒక ఆఫీసరు వస్తాడని సోమవారం పది నుంచి పన్నెండు దాకా టెర్మిన్, అంటే అపాయింట్మెంటు, ఇచ్చారు. మనుషులకైతే టెర్మిన్ సంగతి ఈమెయిల్లో చెప్పొచ్చు, వానపాముకు ఎవరు చెప్పాలి?

తవ్వితే వానపాము తెగిపోతుంది. అందుకని నీళ్లలో ఆవపిండి కలిపి నేల మీద పోస్తారు. ఘాటుకు తట్టుకోలేక అదే పైకి వస్తుంది. వెంటనే మంచినీళ్లలో కడిగి వదిలేస్తే దానికేమీ కాదు. (ఇది నేను కల్పించింది కాదు, నిజంగా అలాగే చేస్తారు.) కాకపోతే మా ల్యాబ్ ఆవపిండికి చిన్నాచితకా వానపాములే వచ్చేవి. ఈ రెండడుగుల పెద్దావిడ మాత్రం పైన మట్టి కుప్పలు వదలడమే గానీ ఆ వాలులో ఒక్కసారీ దర్శనమివ్వలేదు. అయినా వేరే దారి లేదు. సోమవారం పొద్దున్నే ల్యాబ్ తెరవరు కాబట్టి, ఆ కిలో పిండిని శుక్రవారమే ఇంటికి తీసుకెళ్లమని ప్రొఫెసరమ్మ నా చేతికిచ్చారు. నేను దాన్ని భద్రంగా వంటింటి అల్మారాలో పెట్టాను. నా జీవితంలో భద్రంగా పెట్టిన వస్తువులన్నిటి కథా ఇంతే.

ఎందుకంటే ఆ అల్మారాలోనే మా అమ్మ పంపిన ఆవపిండి కూడా ఉంది. అదీ కిలోనే, అదీ తెల్ల కవరే. ఆదివారం నేను స్నానానికెళ్లినప్పుడు, నాతో పాటు ఆ ఇంట్లో ఉండే వరంగల్ అక్క తలుపవతల నుంచి కేకేసింది. "ఏమే, ఏషియన్ షాపుల మామిడికాయలు దొరికినయ్. మీ అమ్మ ఆవపిండి తీస్కుంటున్న, తొక్కు పెడ్త!" సరే అన్నాను. సోమవారం పొద్దున అల్మారాలో మిగిలిన కవరు సంచిలో వేసుకుని కొండెక్కాను.

పదింటికల్లా ఆఫీసరు వచ్చేశాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు, మడత కుర్చీ కూడా ఆయనే తెచ్చుకున్నాడు. నేను నీళ్లు పోసే చోటుకు హద్దుగా నేల మీద ఇనుప చట్రం పెట్టి, కవరు విప్పాను. ఘాటు నేరుగా వెళ్లి నడినెత్తిన తగిలింది. కళ్లు నీళ్లతో నిండిపోయాయి. ఆ వాసన నాకు తెలుసు. అది మా డాబా మీద మే నెల వాసన. ల్యాబ్ పిండి వరంగల్ అక్క జాడీలో ఉంది, మా అమ్మ పిండి నా చేతిలో ఉంది! కిందికి వెళ్లి రావాలంటే బస్సు గంటకొకటి. చెబుదామంటే ప్రొఫెసరమ్మ ముఖం చూసి నోరు రాలేదు. ఆవిడ ఆ వాలు కోసం ఎన్ని అర్జీలు పెట్టారో నాకు తెలుసు, నా వల్ల అది పోతుందేమో! ఏమైతే అదైందని దేవుడికి దణ్ణం పెట్టుకుని బకెట్లో కలిపేశాను.

మొదటి డబ్బా పోశాం. ఏమీ రాలేదు. రెండోది పోశాం. పదకొండున్నర అయింది. ఆఫీసరు ఫైల్లో "కనబడలేదు" అన్న గడి దగ్గర పెన్ను పెట్టాడు. అప్పుడు గడ్డి కదిలింది. ఒక తల వచ్చింది. తల వెనక ఒళ్లు వచ్చింది, ఇంకా వచ్చింది, వస్తూనే ఉంది. అది పూర్తిగా బయటపడేలోపు పక్కన ఇంకోటి, దాని పక్కన మరోటి, ఆపైన చట్రం అవతల కూడా. మా అమ్మ పిండికి చట్రం సంగతి తెలియదు కదా! ఒకటి ఆఫీసరు బూట్ల మధ్య నుంచి లేచేసరికి ఆయన ఫైలుతో సహా మడత కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. కుర్చీ ఏ కంగారూ లేకుండా ఆయనతో పాటు మడత పడింది. "కడుగు, కడుగు!" అని ప్రొఫెసరమ్మ అరుస్తుంటే, బల్లిని చూస్తే మంచమెక్కే నేను, మంచినీళ్ల తొట్టి ముందు గొంతుక్కూర్చుని ఒక్కొక్కదానికీ పసిపిల్లలకు పోసినట్టు లాలపోశాను. లెక్కేస్తే పంతొమ్మిది.

ఆఫీసరు లేచి, ప్యాంటు దులుపుకుని, ఇంకో ఫారం తీశాడు. "వాడిన పదార్థం?"

"ఆవపిండి."

"తయారీదారు?"

ఇంక దాచి లాభం లేదు. "మా అమ్మ" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. "మామూలుగా దీన్ని దేనికి వాడతారు?"

"అన్నంలో కలుపుకుని తింటామండీ."

ఆయన తొట్టిలోని వానపాముల్ని చూశాడు, నన్ను చూశాడు. "వీటిని నేల అడుగు నుంచి పారిపోయేలా చేసిన దాన్ని మీరు తింటారా?" అన్నాడు.

పార్కింగు ఆగిపోయింది. ప్రొఫెసరమ్మ నన్ను గట్టిగా కావలించుకుని ఏడ్చారు. (ఆనందంతోనే, కొంత ఆవఘాటు కూడా ఉండొచ్చు.) నాలుగో రోజు వరంగల్ అక్క జాడీ తెరిచి ఒక ముక్క నోట్లో వేసుకుంది. "గిదేం తొక్కే? దవాఖానల పెట్టే కూర లెక్క సప్పగున్నది!" అని నా వైపు చూస్తే, నేను కిటికీ వైపు చూశాను. అదే వారం అమ్మ వీడియో కాల్లో "ఏమే, పిండి ఘాటెలా ఉంది?" అని అడిగితే "అదిరిపోయిందమ్మా, అందరూ పైకి లేచొచ్చారు" అన్నాను. అబద్ధం ఆడలేదు కదా.

అంతటితో అయిపోయిందనుకున్నాను. కానీ జర్మనీలో ఫారం పుట్టిందంటే దానికి సంతకం దొరికేదాకా చావదు. తయారీదారు సంతకం కావాలని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. గుండె రాయి చేసుకుని అమ్మకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. అది అమ్మ ఎండలో కూర్చుని రాళ్లేరి, ఆరబెట్టి, దంచి, జల్లించిన పిండి. తిడుతుందనుకున్నాను.

"ఎన్నొచ్చాయే?" అంది.

"పంతొమ్మిదమ్మా."

"ఆవాలు ఇంకో రోజు ఎండి ఉంటే మరో పది వచ్చుండేవి" అంది బాధగా.

చదివింది పర్యావరణమైనా ఇప్పుడు నేను జిండెల్ఫింగెన్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ప్రొఫెసరమ్మ రిటైరయ్యారు గానీ, ఏడాదికోసారి ఆ వాలులో లెక్క తీయడానికి నన్ను పిలుస్తారు. కారు కింద పెట్టి, నడిచే ఎక్కుతాను. అక్కడ ఇప్పటికీ పార్కింగు లేదు. తడిగడ్డిలో మోకాళ్ల మీద కూర్చుంటే, వ్యవసాయ కుటుంబమని కోతలు కోసి ఆ రోజు బకెట్ ముందు నిలబడ్డ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది, దాని మీద కాస్త ప్రేమ కూడా. ప్రతి వేసవికీ తెనాలి నుంచి పార్సిల్ వస్తుంది. అందులో రెండు ఆవపిండి పొట్లాలు, మళ్లీ కలిసిపోకుండా అమ్మ చేత్తో పేర్లు రాసినవి. ఒకటి నాకు, ఒకటి వానపాములకు. ఈసారి రెండూ చేత్తో ఎత్తి చూశాను. వానపాముల పొట్లమే బరువుగా ఉంది.