నా చేత్తో ఇచ్చిన ఎర్ర మాత్రలు

పదేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేకపోయాను, బయటికి అనలేకపోయాను. బడిలో పాఠం చెబుతున్నా, పేరంటంలో నలుగురితో నవ్వుతున్నా అది అక్కడే ఉండేది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళయితే నన్ను వెనకేసుకొస్తారు. తల్లివి కదా, పిల్లాడి మంచికే చేశావు అంటారు. ఆ మాట నాకొద్దు.

నేను సైన్సు టీచర్ని. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తెలియక చేశానని తప్పించుకునే దారి నాకు లేదు. మా ఇల్లు ఏలూరులో. కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్ళో నా బడి, రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. మావారు తాడేపల్లిగూడెంలో ఒక ఆఫీసులో పనిచేసేవారు. మాకు ఒక్కడే కొడుకు. వాడి పేరు రాయను. ఇంట్లో బుజ్జి అంటాం, ఇక్కడా అలాగే అంటాను.

ఇంటర్ రెండో ఏడు వచ్చేసరికి బుజ్జి మొహమంతా మొటిమలు. మామూలు మొటిమలు కావు. బుగ్గల మీదా దవడ కిందా గోలీల్లా గట్టిపడి, ముట్టుకుంటే నొప్పి. అప్పుడే గడ్డం కూడా మొదలైంది. వాళ్ళ కాలేజీలో గడ్డంతో వస్తే క్లాసులోకి రానిచ్చేవారు కాదు. వాడు వాళ్ళ నాన్న రేజరు తీసుకుని వెంట్రుకలకి ఎదురు గీసేసుకునేవాడు. మొటిమల తలలు తెగి వాష్‌బేసిన్‌లో నురగ గులాబీరంగులో కనపడేది. ఆపైన పటిక రుద్దుకునేవాడు. మంటకి కళ్ళనీళ్ళు తిరిగేవి. మర్నాటికి ఇంకో నాలుగు లేచేవి. అంతకుముందు వాడు బడిలో పద్యం అందుకుంటే మిగతా పిల్లలు మాటలు ఆపేసేవారు. ఆ ఏడు కాలేజీ వార్షికోత్సవంలో పాడతానని పేరిచ్చి, తీరా ఆ రోజు జ్వరమని ముసుగు పెట్టుకుని పడుకున్నాడు. నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. చల్లగా ఉంది.

తాడేపల్లిగూడెంలో ఒక చర్మం డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఏలూరులో డాక్టర్లు లేక కాదు. అక్కడ కూర్చుని ఉండగా తెలిసినవాళ్ళు చూస్తే పిల్లాడికి ఏ బొల్లో అనుకుంటారని నా భయం. పిల్లాడి నొప్పి కన్నా నలుగురి నోరే నాకు ముందు కనపడింది, అప్పటికే.

ఆ డాక్టరుగారు పెద్దాయన. ఓపిగ్గా చెప్పారు. నాన్న రేజరు ముట్టుకోకూడదు, వాడిది వాడికి వేరే ఉండాలి. గోరువెచ్చని నీళ్ళతో మొహం తడిపి, నురగ కాసేపు నాననిచ్చి, వెంట్రుక మొలిచిన వైపుకే మెల్లగా గీయాలి. గీసినచోటే మళ్ళీ గీయకూడదు. బ్లేడు మొద్దుబారేదాకా వాడకూడదు. పటిక వద్దు, గిల్లడం అసలే వద్దు. వీలైనన్ని రోజులు గీయకుండా వదిలేస్తే మరీ మంచిది, కాలేజీకి కావాలంటే చీటీ రాసిస్తానన్నారు. బుజ్జి ఇంటికొచ్చి అవన్నీ ఒక కాగితం మీద పొందిగ్గా రాసి వాష్‌బేసిన్ అద్దం పక్కన జిగురుతో అంటించాడు.

వీటితోపాటు ఆయన మాత్రలు రాశారు. ఎర్రటి, మెత్తటి మాత్రలు. రోజుకొకటి, ఆర్నెల్లు. కాస్త గట్టి మందు, ముందు రక్తపరీక్ష చేయించి మొదలుపెడదాం అన్నారు.

గట్టి మందు అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. మాత్రల పెట్టెలో మడతలు మడతలుగా ఒక కాగితం ఉంటుంది కదా, ఎవరూ చదవరు. నేను చదివాను. కడుపుతో ఉన్నవాళ్ళు వాడితే పుట్టబోయే బిడ్డకి అవకరాలు వస్తాయని లావుపాటి అక్షరాల్లో ఉంది. అది ఆడవాళ్ళకి రాసిన హెచ్చరిక. నాకు అర్థం కాకపోలేదు. అయినా నా బుర్ర అక్కడితో ఊరుకోలేదు. ఆడవాళ్ళని అంత చేసే మందు మగపిల్లాణ్ణి వదిలేస్తుందా? రేపు వీడికి పెళ్ళయి పిల్లలు పుట్టకపోతే? పుట్టిన బిడ్డకి ఏదైనా లోపం ఉంటే? మాకున్నది వీడొక్కడే కదా? డాక్టరుగారికి ఒక్క ఫోను చేసి అడిగితే నిమిషంలో తేలిపోయేది. ఎందుకు అడగలేదు? సైన్సు చెప్పే టీచరయ్యుండి ఇంత తెలియదా అంటారేమోనని. ఇంతే. ఇంత చిన్న నామోషీ.

మా ఇంట్లో ఎవరి మాత్రలైనా నా చేతి మీదుగానే నడిచేవి. పొద్దున్నే పాలగ్లాసు పక్కన చిన్న స్టీలు గిన్నెలో మాత్ర పెడితే, అదేమిటని కూడా చూడకుండా మింగేసేవారు. నీరసానికని నాకు రాసిన విటమిన్ మాత్రలు కూడా ఎర్రగానే, మెత్తగానే ఉండేవి. రెండూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని చూశాను. కాస్త పొడవులో తేడా, అంతే. మొదటిరోజు నుంచీ బుజ్జి గిన్నెలో పడింది నా మాత్రే.

అసలు మాత్రల్ని షీటులోంచి నొక్కి తీసేసి, ఖాళీ షీటు డాక్టరుగారికి చూపించడానికి దాచేదాన్ని. తీసిన మాత్రలు కాగితంలో పొట్లం కట్టి బ్యాగులో వేసుకుని, బస్సు కొల్లేటి దారిలో డ్రెయిను వంతెన ఎక్కినప్పుడు కిటికీలోంచి విసిరేసేదాన్ని. ఒకసారి, పాపం ఆ నీళ్ళలో చేపలకేమైనా అవుతుందేమో అనిపించింది. చేపల గురించి బెంగపడ్డ మహాతల్లిని నేను.

బుజ్జి మాత్రం ఆ కాగితంలో ఉన్నదాంట్లో ఒక్కటీ తప్పలేదు. నీళ్ళు కాచుకునేవాడు. నురగ పట్టించుకుని ఓపిగ్గా నిలబడేవాడు. వాడి చెయ్యి ఒక్కో మొటిమ చుట్టూ ఎంత జాగ్రత్తగా తిరిగేదో నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తూ ఉండేదాన్ని. మొహం మానలేదు. ఒకటి మానితే అక్కడ గుంట పడేది, పక్కన ఇంకోటి లేచేది.

నాలుగో నెలలో మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం, వాడూ నేనూ.

"పెదవులు బాగా ఎండిపోతున్నాయా బాబూ?" అని అడిగారాయన.

"లేదండీ."

"అస్సలు ఎండలేదా?"

"బాగానే ఉన్నాయండీ."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఈ మాత్ర వేసుకుంటూ పెదవులు ఎండనివాణ్ణి నేనింతవరకూ చూడలేదు. నిజం చెప్పు. వేసుకుంటున్నావా, పారేస్తున్నావా?"

"ఒట్టండీ, రోజూ వేసుకుంటున్నాను. కావాలంటే అమ్మని అడగండి."

ఆయన నా వైపు తిరిగారు. "ఏవండీ, మీరు చెప్పండి."

"నేను ఇస్తూనే ఉన్నానండీ," అన్నాను.

నేను ఇస్తూనే ఉన్నాను. అంటే ఇచ్చాక వాడేం చేస్తున్నాడో నాకు తెలియదని. ఆ క్షణంలో, ఇది అబద్ధం కూడా కాదులే అని లోపల సర్దిచెప్పుకున్నాను కూడా. డాక్టరుగారు తల పంకించి, ఇకనుంచి మింగాక నోరు తెరిచి మీ అమ్మగారికి చూపించు అన్నారు వాడితో. పదిహేడేళ్ళ పిల్లాడు. చెవులు ఎర్రబడిపోయాయి. అలాగేనండీ అన్నాడు.

తిరుగు రైల్లో భీమడోలు దాటాక బుజ్జి నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పబట్టి సరిపోయిందమ్మా, లేకపోతే ఆయన అసలు నమ్మేవారే కాదు," అన్నాడు. నేను కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాను. ఇంటికెళ్ళాక సంగతి విని మావారు వాణ్ణి కోప్పడ్డారు. అప్పుడూ నేను పొయ్యి దగ్గరే ఉన్నాను.

ఆ తర్వాత రెండు నెలలు ప్రతి పొద్దుటా బుజ్జి నా ముందు నిలబడి నోరు తెరిచేవాడు. నాలుక ఎత్తి మరీ చూపించేవాడు. నేను వంగి చూసి, సరే అనేదాన్ని.

అప్పుడైనా ఎందుకు ఆపలేదు? ఇప్పుడు అసలు మాత్ర ఇస్తే మొహం బాగుపడుతుంది, బాగుపడితే ఇన్నాళ్ళూ వాడే పారేశాడని రుజువైపోతుంది, అది ఇంకా అన్యాయం అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత చక్కటి వాదనో. దాని వెనక ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లో వాడు ఎక్కడికీ వెళ్ళేవాడు కాదు. స్నేహితులు లేరు, ఆటలు లేవు. కాలేజీ నుంచి వచ్చి వంటింట్లో నా పక్కనే పీట వేసుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చునేవాడు. వాడికి మిగిలింది నేనొక్కదాన్నే. అది నాకు నచ్చిందా? నచ్చింది. ఈ ఒక్క మాట రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆర్నెల్లయ్యాక డాక్టరుగారు మందు ఆపేశారు. కొందరి ఒంటికి కొన్ని మందులు పట్టవు అన్నారు. ఆ మాటని బుజ్జి గట్టిగా పట్టుకున్నాడు. రెండేళ్ళ తర్వాత టీచర్ల ట్రైనింగులో పక్కన కూర్చున్న ఒక చిన్న వయసు టీచరుని, ఎవరి సంగతో అడిగినట్టు అడిగాను. ఆ హెచ్చరిక కడుపుతో ఉన్నవాళ్ళకేనండీ, మగపిల్లలకి ఆ భయమేం లేదండీ అంది. నేను తల ఊపి నోట్సు రాసుకున్నాను.

ఇప్పుడు వాడికి ఇరవై ఏడు. చేపల మేత కంపెనీలో పని. బైకు మీద కొల్లేటి చెరువుగట్ల వెంట తిరుగుతాడు. పద్యం ఎత్తుకుని పదేళ్ళయింది. గుంటలు కనపడకుండా గడ్డం పెంచాడు. ఎవరైనా ఫొటో అంటే పక్కకి జరుగుతాడు. చేపలే నయమమ్మా, మొహం చూడవు అని హాస్యమాడతాడు. మావారు నవ్వుతారు.

మూడు నెలల కిందట చెరువుగట్టు మీద ఫిట్స్ వచ్చి పడిపోయాడు. అదృష్టం కొద్దీ అప్పుడే బైకు దిగాడు. రెండడుగుల అవతల నీళ్ళు. ఏలూరులో డాక్టరు స్కానింగు తీయించి మాత్రలు రాశారు. ఒక్కరోజు తప్పినా ప్రమాదం, కొన్నేళ్ళపాటు వాడాలి, బైకు నడపకూడదు అన్నారు. పెద్దవాడయ్యాడు కదా, మాత్రలు తనే పెట్టుకున్నాడు. రెండు వారాల కిందట వాడి బ్యాగులోంచి క్యారియరు తీస్తుంటే షీట్లు కనపడ్డాయి. ఒక్కటీ చింపలేదు.

అడిగితే కోప్పడలేదు. "నీకు తెలియనిదేముందమ్మా? నా ఒంటికి మందులు పట్టవు. అప్పుడు నోరు తెరిచి చూపించి మరీ మింగాను. ఏమైంది?" అని బైకు తాళం తీసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం వాడి బండి చప్పుడు వినపడేదాకా గుమ్మంలోనే ఉన్నాను. మర్నాడు పొద్దున్న మంచం మీదే రెండోసారి ఫిట్స్ వచ్చింది.

నా పరువా, వాడి ప్రాణమా అన్నచోటికి వచ్చింది. అంతదాకా వస్తేగాని నోరు విప్పలేదంటే నేనెలాంటిదాన్నో మీరే అనుకోండి.

ఆదివారం పొద్దున్న వాడు వాష్‌బేసిన్ దగ్గర కత్తెరతో గడ్డం సరిచేసుకుంటున్నాడు. అద్దం పక్కన ఆ కాగితం తాలూకు జిగురు మరక ఇంకా ఉంది. వెనక నిలబడి చెప్పాను. ఏడవకూడదనుకున్నాను, ఏడిస్తే మళ్ళీ వాడే నన్ను ఓదార్చాలి. నీ ఒంటికి మందు పట్టకపోవడం కాదురా, నీకు మందు నేను ఇవ్వనేలేదు, మొదటిరోజు నుంచీ ఇవ్వలేదు అన్నాను. ఎందుకు ఇవ్వలేదో, బదులుగా ఏమిచ్చానో, అన్నీ చెప్పాను. కత్తెర ఆగింది. వాడు అద్దంలో తన మొహాన్నే చూసుకుంటూ ఉండిపోయాడు. గడ్డంలోకి వేళ్ళు పోనిచ్చి బుగ్గ మీద గుంటలు తడుముకున్నాడు. క్షమించమని నేను అడగలేదు. వాడు నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

గొంతులో అడ్డం మాత్రం పోయింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు ఊపిరాడింది. మావారికి ఇంకా చెప్పలేదు. చెబుతాను.

సోమవారం పొద్దున్న అలవాటు కొద్దీ పాలగ్లాసు బల్ల మీద పెట్టాను. గిన్నె పెట్టలేదు. బుజ్జి తన గదిలోంచి షీటు తెచ్చుకున్నాడు. నా ఎదురుగానే చింపి, మాత్రని అరచేతిలో అటూ ఇటూ తిప్పి, షీటు మీద పేరు చదువుకున్నాడు. పాలు ముట్టుకోలేదు. కుళాయి నీళ్ళతో మింగాడు. తర్వాత వచ్చి నా ముందు నిలబడి నోరు తెరిచాడు. నాలుక ఎత్తి చూపించాడు. నేను వంగి చూశాను. వాడు బైకు తాళం బల్ల మీదే వదిలేసి బస్సుకి వెళ్ళాడు.

ఇవాళ్టికి పదకొండు రోజులు. మాత్ర ఒక్కరోజూ మానలేదు. రోజూ మింగాక నా ముందుకొచ్చి నోరు తెరుస్తున్నాడు. నేను రోజూ చూస్తున్నాను.