నేను ఎటూ కాదన్నాను

నాకు చదువు రాదు. సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. నా మాటలను మధ్యలో మెత్తబరచవద్దని ముందే చెప్పాను.

మొన్న మనవరాలు బళ్లో చెప్పాల్సిన పాఠాన్ని వంటింట్లో నా ముందు నిలబడి వల్లించుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా ఎలా దిగిందన్నది ఆ పాఠం.

"ఫస్ట్‌లో దే వర్ న్యూట్రల్, నానమ్మా. ఎవరి సైడూ కాదు. రెండు సైడ్లకీ సరుకు అమ్ముతామన్నారు."

"రెండు వైపులా కొన్నారా?"

"లేదు. బ్రిటన్ షిప్స్ సముద్రంలో అడ్డం నిలబడ్డాయి. జర్మనీకి దారి క్లోజ్. సో సరుకంతా ఒక్క సైడుకే వెళ్లింది. జర్మనీకి కోపం వచ్చి, నీళ్ల కింద నుంచి షిప్స్ ముంచేసింది. అమెరికన్స్ కూడా చచ్చిపోయారు. అయినా చాలా రోజులు ఆగారు. దెన్ దే జాయిన్డ్."

ఉల్లిపాయ కోస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. ఆ దేశం సంగతి నాకు తెలియదు. ఆ దారి మాత్రం తెలుసు. దాని మీద నన్ను కూడా నడిపించారు.

మా ఆయన పోయాక, మేము వలస వచ్చి ఉంటున్న వాన్ అనే ఊళ్లో ఒక గోదాములో అట్టపెట్టెలకు టేపు వేసే పనికి కుదిరాను. అక్కడ ఒకావిడ ఉండేది. మా గుంటూరు వైపు మనిషే, మా చర్చి సంఘమే. మధ్యాహ్నం ఆమె డబ్బా నేను, నా డబ్బా ఆమె తినేవాళ్లం. ఎవరి డబ్బా వాళ్లు తిన్న రోజు లేదు. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరం వదినా అనే పిలుచుకునేవాళ్లం.

"మళ్లీ బీరకాయేనా వదినా? దేవుడు నీకు చేతులిచ్చాడు గానీ బుర్ర ఇవ్వలేదు" అనేది ఆమె.

"నీ చేపల పులుసు వాసనకు మేనేజరు ముక్కు మూసుకుని పారిపోయాడు. ముందు ఆ సంగతి చూడు."

ఈ దేశంలో నాతో అలా మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

అప్పుడు సంఘంలో గొడవ మొదలైంది. పిల్లలకు అర్థం కావాలంటే ఆరాధన ఇంగ్లీషులో జరగాలని పాస్టరు గారు అన్నారు. ఆయన్ను మేమంతా అయ్యగారంటాం. తెలుగు సంఘంలో తెలుగే ఉండాలని సంఘ పెద్దలు అన్నారు. మా వదిన అయ్యగారి వైపు చేరింది.

"మా మనవళ్లకు తెలుగు ముక్క రాదు వదినా. వాళ్లు గుడికి రావాలంటే ఇంగ్లీషే దిక్కు. నువ్వెటు?"

"నేను ఎటూ కాదు. నాకు ఇంగ్లీషు రాదు, తెలుగు చదవనూ రాదు. పాటలు నోటికొచ్చు, ఎక్కడైనా పాడతాను."

ఆమె నవ్వింది. సంఘం ఎటు పోయినా ఆ డబ్బా పోకూడదనే నేనలా అన్నాను.

రెండు వర్గాలూ వేరువేరుగా కూడుకోవడం మొదలుపెట్టాయి. ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే ప్రేమ విందుకు బిర్యానీ ఎప్పుడూ నాదే. ఇద్దరికీ వండుతానన్నాను. అయ్యగారి వాళ్లు పక్క ఊరు రిచ్‌మండ్ హిల్‌లో హాలు తీసుకున్నారు. అంత పెద్ద గిన్నె పట్టుకుని బస్సులు మారి నేను పోలేను. కారు పంపమని అడిగితే "చూస్తాం ఆంటీ" అన్నారు. ఎవరూ చూడలేదు. పెద్దల వాళ్ల కారు మాత్రం వారం వారం గుమ్మం ముందు ఆగేది. గిన్నె ఒక వైపుకే పోయింది. దాని ఫొటో ఫోన్ల నిండా తిరిగింది.

చలికాలంలో పెద్దల హాల్లో హీటర్ పాడైంది. మా బేస్‌మెంట్‌లో కూడుకోమని నా కొడుకు నన్నడక్కుండానే చెప్పేశాడు. ప్రార్థనకని వచ్చిన వాళ్ల మొహాన తలుపు వేయడం మా ఇళ్లలో లేదు, తినకుండా పంపడమూ లేదు. వండి పెట్టాను.

తర్వాత మా ఆయన జ్ఞాపకార్థ కూడిక వచ్చింది. ఏటా అయ్యగారే వచ్చి ప్రార్థన చేసేవారు. ఫోన్ చేశాను.

"మీ ఇంట్లో వాళ్ల కూడికలు జరుగుతున్నాయటగా ఆంటీ. నేనొస్తే మా వాళ్లు బాధపడతారు. ఈసారికి వాళ్లతోనే కానిచ్చేయండి."

"ఆయన్ను మట్టి చేసింది మీరే కదా అయ్యగారూ."

"ప్రార్థనలో గుర్తు చేసుకుంటాలెండి."

చచ్చిపోయిన మనిషి ఏ వైపువాడు? ఆ రోజు పొయ్యి వెలిగించలేదు. పచ్చి మంచినీళ్లు తాగి పడుకున్నాను.

సంఘం పేరు ఎవరికి దక్కాలో తేల్చడానికి అందరినీ ఒకచోట కూర్చోబెట్టి చేతులెత్తమన్నారు. పెద్దల వైపు వాళ్లను ఎత్తమన్నప్పుడు నేనూ ఎత్తాను. తెలుగు కోసం కాదు, మా ఆయన కోసం. ఎదురు వరసలో మా వదిన నా చెయ్యి వంకే చూసింది.

మర్నాడు భోజనం వేళ ఆమె వేరే బల్ల దగ్గర కూర్చుంది. నేనే లేచి వెళ్లాను.

"వదినా, డబ్బా."

"ఆకలి లేదు."

అప్పటికే మూత తీసి ఉంది. తన అన్నం తనే కలుపుకుంటోంది.

ఆ తర్వాత రెండు చోట్లా జనం పలచబడ్డారు. అప్పుడు అయ్యగారూ పెద్దలూ భుజాల మీద చేతులేసుకుని ఫొటో దిగారు. ఇక మీదట ఒక వారం తెలుగు, ఒక వారం ఇంగ్లీషు అట. ఇంత పెద్ద చదువులు చదివిన వాళ్లలో ఒక్కరికీ ఈ మాట మొదటి రోజే తట్టలేదా?

అందరూ కలిసిన విందుకు బిర్యానీ మళ్లీ నన్నే వండమన్నారు. అయ్యగారు రెండోసారి పళ్లెం పట్టుకుని వచ్చారు. "మీ చేతి వంట తిని ఎన్నాళ్లయింది ఆంటీ" అన్నారు. వడ్డించాను. పెద్దలు ఆయన పక్కనే కూర్చుని, పెరుగు చట్నీ అందిస్తూ నవ్వుతున్నారు. గొడవ పెట్టుకున్న వాళ్లంతా ఒకే బల్ల దగ్గర ఉన్నారు.

మా వదిన వరసలోకి రాలేదు. కోట్లు తగిలించే మూల కుర్చీ వేసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పింది. గిన్నె వదిలి నేను అటు వెళ్లలేదు. ఆమె డబ్బాలో ఏముందో వాసనే చెప్పింది. చేపల పులుసు.