నడినెత్తిన చెయ్యి

చిన్నాన్న పోయాడన్నమాటే గానీ, తలచుకుంటే తన సెలూన్‌లో అద్దం ముందు నిలబడే కనిపిస్తాడు. కుర్చీలో ఎవరు కూర్చున్నా, మెడకు తెల్లగుడ్డ చుట్టాక, అరచేతిని వాళ్ళ నడినెత్తిన ఆనించి ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాడు. సుడి ఎటుందో చూస్తున్నాడనుకునేవారు కొత్తవాళ్ళు. నిజానికి ఆ మనిషి కోసం యేసుప్రభువుకు ప్రార్థన చేసేవాడు. "మోకాళ్ళు పట్టేసి మోకరించలేను. చర్చిలో నేను పాట అందుకుంటే పక్కవాళ్ళు జరిగి కూర్చుంటారు. ఇక నాకు మిగిలిన భక్తి ఈ చేతిలో ఉన్నదే," అని తన మీద తనే నవ్వుకునేవాడు. ఆ నవ్వుకి పొట్ట కుర్చీకి తగిలి, కూర్చున్నవాడు కూడా ఊగేవాడు.

నాయనమ్మ సమాధి దగ్గర జరిగిన గొడవ తరవాత అతనితో మాటలు మానేసిన పెద్దనాన్న, ఒక ఉదయం వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. చిన్నాన్న గుడ్డ చుట్టాడు. చెయ్యి లేచింది గానీ నెత్తి మీదికి దిగలేదు. మనసులో లేని ప్రార్థన నటించడం అతనికి చేతకాదు.

"ఏరా, అందరికీ పెడతావట, నా తలేం పాపం చేసింది?" అన్నాడు పెద్దనాన్న అద్దంలోకి చూస్తూ.

"కాస్త ఆగన్నయ్యా. ఇన్నాళ్ళూ ప్రభువుకి నీ మీద చెప్పినవన్నీ వెనక్కి తీసుకోవాలి. నా నోటి సంగతి నీకు తెలుసుగా, చాలానే ఉన్నాయి."

"కానియ్యి. నీ మీద నేను చెప్పినవీ తక్కువేం కాదులే," అంటూ పెద్దనాన్న కూడా కళ్ళు మూసుకున్నాడు.

చెయ్యి నెమ్మదిగా దిగింది. ఇద్దరూ ఎంతకీ కళ్ళు తెరవలేదు. బల్ల మీద తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళు కాసేపు చూసి, ఒక్కొక్కరే లేచి, చప్పుడు చెయ్యకుండా పక్క సెలూన్‌కి వెళ్ళిపోయారు.